శివారు ఆయకట్టు

రాత్రి రెండున్నర. ఏరేటర్లు నీళ్లని చావబాదుతున్నాయి.
మొగల్తూరు దిగువన, ఉప్పుటేటి గట్టు మీద
రేకుల షెడ్డులో నులక మంచం,
మంచం మీద నేను, నా గుండె మీద సెల్‌ఫోను.
అందులో ఇంకా గెలవని ఒకాయన
చెయ్యి చాపి, తలుపు మూసినట్టు చూపించాడు.
మాట అర్థం కాలేదు. తలుపు అర్థమైంది.

తెల్లారేసరికి వంద కౌంటు
కిలోకి ఇరవై ఎనిమిది రూపాయలు దిగింది.
"ఓట్లింకా పడలేదు కదండీ" అన్నాను.
ఏజెంటు గుబ్బల పోతురాజు బీడీ తియ్యకుండానే
"ఓట్ల కంటే ముందు పడేదాన్నే
ధర అంటారండి" అన్నాడు.

టీ బడ్డీ దగ్గర ప్రపంచమంతా ఉంది.
ఈక్వెడారోడు లోలోపల నవ్వుకుంటున్నాడట,
వియత్నామోడు వేరే గుమ్మం చూసుకుంటున్నాడట,
జర్మనీలో తుపాకులు లెక్కెట్టుకుంటున్నారట.
ఢిల్లీలో ఎవరో "నిశితంగా గమనిస్తున్నాం" అన్నారట.
గమనించడం మాకూ వచ్చు,
పొద్దున్నే గట్టువార ఎన్ని తేలాయో.

నల్లి రాహేలు మాత్రం లేసు అల్లిక ఆపలేదు.
ఏ ఊరి బల్ల మీదికో ఆ గుడ్డ, ఆవిడకి తెలీదు.
"తలుపేసుకున్నా లోపల అన్నం తింటారు కదండీ,
బల్లగుడ్డ అక్కర్లేదా ఏంటి?"
సూది కొక్కెం దారాన్ని లాగింది.
ఎవరం జవాబు చెప్పలేదు.

మా మేనమామ కాలవ లాకు మీద లస్కరు.
"తలుపు దించేవాడు రెండు వైపులా నీళ్లు చూడాలిరా,
ఒక పక్కే కొలబద్ద చూసేవాడు లస్కరు కాదు" అనేవాడు.
ఏటా వేసవిలో కాలవలు కట్టేస్తారు.
కట్టినప్పుడు ముందు ఎండేది శివారే,
వదిలినప్పుడు ఆఖర్న తడిసేదీ శివారే.
ఆ లెక్కన ప్రపంచానికి మేం
శివారు ఆయకట్టు.

ఇంతవరకూ చెప్పి ఊరుకోవచ్చు.
కానీ నిరుడు తెల్లమచ్చ వచ్చినప్పుడు
నా తూము బిగించి, నా జబ్బు నీళ్లు
రాత్రికి రాత్రి బోదెలోకి వదిలింది నేనే.
ముందు నా చెరువు, అనుకున్నాను.
ఆ భాష ఎవరూ నేర్పలేదు నాకు.
కింద బొంతు అబ్బులు కౌలు చేను.
పొద్దున్నే వచ్చి, వేలు ముంచి నాలిక్కి రాసుకుని,
ఉప్పు ఊసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.
ఆ ఏడు వాడి దుబ్బులు పసుపెక్కి పోయాయి.

రాత్రి మళ్లీ ఫోను చూస్తూనే నిద్రపోయాను.
మెలకువ వచ్చింది నిశ్శబ్దానికి.
కరెంటు లేదు. చెరువు ఊపిరి బిగబట్టింది.
గట్టు అవతల టార్చి లైటు ఊగుతోంది.
"ఏవండోయ్, ఏరేటర్లు ఆగిపోయాయండీ, లెగండి!"
అబ్బులు గొంతు.
వస్తూ వస్తూ చేతిలో
డీజిలు డబ్బా కూడా తెచ్చాడు.