తలకిందుల రేవు

మార్సే పాత రేవులో మా చేపల బల్లలకి
ఇంతెత్తున అద్దపు కప్పు వేశారు.
సన్నటి కంబాలే, ఒక్క గోడా లేదు.
గీసినాయనకి ఈదురుగాలి లెక్కలోకి రాలేదు కాబోలు.

మొదటి వారం చేపల్ని ఎవరూ చూడలేదు.
మెడలెత్తి
తమకి తామే చేతులూపుకున్నారు.
పైనున్న చేపల కోసం ఎగిరి
ఓ సముద్రపు కాకి ముక్కు పగలగొట్టుకుంది.

బేరాల బార్తెలెమీ మాత్రం
నా తక్కెడ వదిలి కప్పులో తూకం చూశాడు:
"ఇక్కడైతే నీ బొటనవేలు కూడా కనిపిస్తోందే!"
పక్క బల్ల జోస్యాన్ నవ్వు ఆపుకోలేకపోయింది.

పట్నం పెద్దల్ని తిట్టడంలో నేనే ముందు.
నలభై ఏళ్ళు నిలబడ్డ రాయి ఇది,
నాకు తెలీనిది ఏం చూపిస్తారని.

నిన్న పొద్దువాలాక బల్ల కడుగుతున్నాను.
రాళ్ళ మీద నిలిచిన నీళ్ళలో కప్పు,
ఆ కప్పులో వంగిన ఆడమనిషి
రెండుసార్లు తలకిందులై
మళ్ళీ నిటారుగా.
నడినెత్తి పలచబడింది.
పాపిడి ఎడమకి తిరిగింది,
శవపేటికలో అమ్మకి సరిచేయబోయి
నేను వదిలేసిన అదే వంకర.

"ఇంకెంతసేపు?" అంటోంది జోస్యాన్.
చేతిలో బకెట్టు నిండుగానే ఉంది.
ఇంకా గుమ్మరించలేదు.