అర స్వరం కిందికి

మళ్లీ వాయిస్తారా అని అడుగుతారు.
టీకొచ్చిన ఎల్.ఐ.సి. గుమస్తా అడుగుతాడు,
పందిరి సామాన్ల కుర్రాడు అడుగుతాడు.
వాడు పుట్టకముందే ఆగిపోయిన పాట,
వాడికేటి తెలుసని?
వాళ్ల నాన్న ఫోనులో పాత కేసెట్టు ముక్కొకటి ఉందిట.
అందులో పాట కంటే వానే ఎక్కువ వినబడుతుందిట.

నాది గంటస్తంభం వెనక మైకుసెట్టు కొట్టు.
నేను వాయించినవాణ్ణి కాను, వైర్లు మోసినవాణ్ణి.
ఎనిమిదేళ్లు వాళ్ల ఏంప్లిఫయరు నా భుజమ్మీద కూర్చుంది.
ఆ గుంట ఇంకా ఉంది, చూడండి, ఎడంవైపు.

పేరు థండర్ బ్రదర్స్. అన్నదమ్ములు ఒక్కరూ కారు.
నెల్లిమర్ల మిల్లు గోనెగుడ్డ మీద
పెయింటరు 'తుండర్' అని రాశాడు,
సరిదిద్దడానికి పద్దెనిమిది రూపాయలడిగాడు.
అలాగే ఉంచేశారు. ఊరంతా తుండరోళ్లనే అనేది.

బేసు, బెవర తౌడు. రాత్రి షిఫ్టు దిగి
వేళ్ల సందుల్లో జనపనార పీచుతోనే స్టేజీ ఎక్కేవాడు.
గిటారు, ఆశీర్వాదం. వయొలిన్ క్లాసు మానేసి
చర్చి పెద్దల చేత మాటలు పడ్డవాడు.
డ్రమ్ములు, ఇప్పిలి కన్నారావు.
పాట గొర్లె గురుమూర్తిది. ఇంగ్లీషు రాదు,
ఇంగ్లీషులాంటిదేదో ఏడ్చేవాడు.
పైడితల్లి పండగలో చెరుకు తింటున్న జనం
నమలడం మానేసేవారు.

విడిపోయింది సాలూరు నుంచి తిరిగొస్తూ.
గజపతినగరం దగ్గర రైలుగేటు పడింది.
లారీ మీద ఆశీర్వాదం ఏదో అన్నాడు,
తౌడు ఏదో అన్నాడు,
పక్కనే గూడ్సు బండి. యాభై ఎనిమిది పెట్టెలు, లెక్కెట్టాను.
పెదాలు కదలడం చూశాను. మాటలు బొగ్గులో కలిసిపోయాయి.
బండి వెళ్లింది, గేటు లేచింది,
తౌడు కిందికి దిగి ఉన్నాడు.
డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు.
ఎక్కలేదు.

డబ్బులన్నారు, పిల్లన్నారు, కులమన్నారు.
గూడ్సు బండినడగాలి.

కన్నారావు రెండేళ్ల కిందట పోయాడు.
పన్నెండో రోజు భోజనాలకి ముగ్గురూ వచ్చారు,
మూడు వేరే బంతుల్లో తిన్నారు.
మూడుసార్లూ వడ్డించింది నేనే.

సామాన్లు నా అటక మీదే ఉన్నాయి.
నాది నేను పట్టుకుపోతే అయిపోయినట్టే కదా అని
ఎవరూ పట్టుకుపోలేదు.

మంగళవారాలు తౌడు వస్తాడు.
'ఎలకలు కొట్టేసినాయేటో సూద్దునా' అంటాడు.
బేసు ఒళ్లో పెట్టుకుంటాడు, కరెంటు వద్దంటాడు.
వేళ్లు వంగవు. తీగలు అర స్వరం కిందికి దించుకుంటాడు,
కాస్త మెత్తబడతాయని.
చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా,
'ఆడొచ్చినాడేటి?'
రాలేదంటాను.

శుక్రవారాలు ఆశీర్వాదం.
బీపీ మాత్రలకని ఇటొచ్చానంటాడు.
ముందు తన గిటారు ముట్టుకోడు.
బేసు తీగ ఒకటి బొటనవేలితో మీటి
చెక్కకి చెవి ఆనించి వింటాడు. చాలాసేపు.
తర్వాత తన ఆరు తీగలూ ఒక్కొక్కటే
అక్కడికి దించుకుంటాడు.
'తౌడొచ్చాడా?'
రాలేదంటాను.
నా అబద్ధం వాళ్లిద్దరికీ తెలుసు. నాకూ తెలుసు.
మధ్యలో మూడు రోజులుంటాయి, అంతే.

గురుమూర్తి రాడు, ఫోను చేస్తాడు.
రాజాంలో కూతురి దగ్గరుంటాడు, దగ్గుతాడు.
మొన్న తనంతట తనే అన్నాడు,
'ఆ పైమాట ఇంక నాకందదురా.'
నోరు జారాను.
'అర స్వరం దించితే అందుతుందేటి?'
అవతల ఫ్యాను చప్పుడు.
'ఎవడు దించాడు?'
ఎలకలన్నాను.

కాబట్టి అడిగినవాళ్లకి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.
నిన్న బుధవారం, ఏంప్లిఫయరు కిందికి దించి తుడిచాను.
వాల్వొకటి మాడిపోయింది. విశాఖలో దొరుకుతుందంటే
మనిషిని పంపాను. దానికేం లేదు,
పాత సామాను, చూసుకుంటూ ఉండాలి కదా.

డ్రమ్ముల మీది గోనె మాత్రం
ఇంకా తియ్యలేదు.