సకర్మకం

గ్రిమ్స్‌బీ రేవు, చేపల మార్కెట్ వెనక చర్చి హాలు.
మంగళవారం, రాత్రి ఏడు.
హీటరు పనిచెయ్యదు, ఎవరూ కోటు విప్పరు.

విన్నీ బ్రాకల్స్‌బీ బోర్డు మీద రెండు మాటలు రాసింది:
లై. లే.
"మొదటిది తనంతట తాను ఒరిగేది.
రెండోదానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి,
పెట్టడానికో, పరచడానికో, పేర్చడానికో.
కర్మ లేనిదే అది కదలదు."

"కోడి?" అంది దానుతె, వెనక బల్ల నుంచి.
"కోడి గుడ్డు మాట ఎత్తకుండానే లే అంటాం కదా?"
"కోడి కర్మ అందరికీ తెలిసిందే" అంది విన్నీ.

రెబ్వార్ ఇటుకలు పేరుస్తాడు.
గోళ్ల చుట్టూ సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది.
"పగలు లే, టీచర్. ఆరు వందల ఇటుకలు.
రాత్రి లై."
"మరి నిన్న రాత్రి?"
లై నిన్నటిలోకి వెళ్తే లే అవుతుందట.
రెబ్వార్ పెన్సిల్ పడేశాడు.
"ఇదెక్కడి న్యాయం?
నేను పడుకున్నట్టా, గోడ కట్టినట్టా?"
"వెనకాల ఇటుక ఉందేమో చూసుకో.
ఉంటే ఇవాళ్టి పని,
లేకపోతే నిన్నటి నిద్ర."

ఎనిమిదిన్నరకి తాళం వేసి ఇల్లు చేరింది.
ముందుగదిలో సోఫా తీసేసిన చోట
ఆసుపత్రి మంచం, మంచం మీద క్లిఫర్డ్.
ముప్పై ఏళ్లు ఉత్తర సముద్రం మీద
వలకీ తాడుకీ గుర్రప్పందేలకీ అతనే కర్త.
ఫిబ్రవరి నుంచి కర్మ.
భుజం కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి,
ఇప్పుడు ఎడమకి పడుకోబెడుతుంది,
మళ్లీ ఒంటి గంటకి కుడికి.
క్లాసులో ఈ ఉదాహరణ చెప్పలేదు.

నేను రాస్తున్న భాషలో ఆ ఒక్క అక్షరం
మంచం పక్కన నిలబడి అంటే
అర్థం తలకిందులవుతుంది.
విన్నీకి తెలీదు.
తెలిసినవాళ్లెవరూ ఆ వీధిలో లేరు.

హోంవర్కులు దిద్దుతోంది.
రెబ్వార్ వంకర రాత:
నిన్న రాత్రి తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని,
ఆపైన ఆ క్రియ.
తప్పో ఒప్పో తేలక పైకే అనిచూసింది.
"లే."
కాసేపాగి మళ్లీ, "లే."

దుప్పటి కింద ఏదో కదిలింది.
కాలి బొటనవేలో,
బయట లారీ పోతే మంచం అదిరిందో.

విన్నీ ఎర్ర పెన్ను
మెల్లగా కింద పెట్టింది.