షీటు నంబరు 2117

మే నెల. కరెంటు పోయింది.
హెర్బేరియం గదిల నాఫ్తలీన్ వాసన
నాతోటి పాటు చెమట పడుతున్నది.

మూడో బీరువా, కింది అర.
దారం ఊడిన షీటొకటి బయటికి తీసిన.
యాభై ఏండ్ల కింద అంజుమ్ ఆరా మేడమ్
పద్నాలుగు వేల అడుగుల మీద
మంచు కరిగిన రాళ్ల సందుల మోకాళ్లూని
తవ్వుకొచ్చిన కొండచేమంతి.

జానెడు గూడ లేదు.
ఆకులన్నీ నేలకతుక్కొని గుండ్రంగ.
గాలి కొట్టేకాడ ఎత్తు పెరిగి ఏం జేస్తది?
వేరు మాత్రం కాగితం చాలక రెండు మడతలు.

భూతద్దం పెట్టిన.
ఒక్క పువ్వని రాసుకుంటం గని
ఆఫీసులిడిచే యాళ్ల కోఠి బస్సు ఇది.
అంచున కిరణ పుష్పకాలు ముప్పై ఎనిమిది
(మూడు రాలినయి)
ఫుట్‌బోర్డు పిల్లల్లెక్క బయటికి వేలాడుతున్నయి.
లోపల బింబ పుష్పకాలు, సూది దూరే సందు లేదు,
ఒక్కోదానికి ఐదు పండ్ల మూతి,
తన కేసరాలు, తన కీలం, తన గింజ.
"పువ్వంటవేంది, బస్తీ అను" అనేది మేడమ్.

ఆకుల మీద తెల్లటి నూగు.
చలికి స్వెట్టరనుకున్న మొదట్ల.
ఎండకు గూడ అని తర్వాత తెలిసింది:
అంత ఎత్తుల గాలి పల్చన, ఎండ కత్తి.
కిటికీలకెళ్లి చూస్తే
కండ్లు తప్ప అంత చున్నీ చుట్టుకొని
స్కూటీ మీద పోతున్నదొక పిల్ల.

సూదిల తెల్లదారం ఎక్కిచ్చి
కాడకు మూడు కుట్లు, వేరుకు రెండు.
రాలినయి ఏరి కాగితం పొట్లంల మడిచిన,
పొట్టు లెక్క తేలిక.
అప్పుడే ఒక కేశగుచ్ఛం
తేలుకుంట వచ్చి షీటు మీద వాలింది.
వెనుక బండ మీది గడ్డిచేమంతిది.
చిన్నప్పుడు మోకాలు చెక్కుకపోతే
మా నాయనమ్మ నలిచి పిండిన ఆకు.
ఒకటే కుటుంబం,
పెండ్లికి పిలవని దూరపు చుట్టం.
ఊదేద్దామనుకొని ఊదలే.

మలక్‌పేట నుంచి మేడమ్ ఫోను.
కంటి ఆపరేషనైంది, పట్టీ ఇప్పలేదట.
"రంగున్నదా ఇంకా? నీలముండె,
ఊదా కలిసిన నీలం."
షీటు దిక్కు చూసిన. వాడిన చాయ్ పత్తి.
"ఉన్నది మేడమ్" అన్న.
"లేబుల్ మీద. మీ చేతిరాతల."

నవ్విందో, దగ్గిందో.
ఫ్యాను తిరగబట్టింది.
కేశగుచ్ఛం లేచిపోయింది.
పొట్లం మీద చెయ్యి పెట్టిన.