బల్లకు అవతలి వైపు

పెరంబూర్‌లో మూడో అంతస్తు.
బడి అంటే మాకు ఆరడుగుల తిండి బల్ల.
దానికి ఒక కాలు కురచ.
మానిపించిన బడి ఫీజు రసీదులు మడిచి
ఆ కాలి కింద పెట్టాం.

కౌముదికి పదకొండు. భిన్నాల మీద కోపం.
భరణికి ఎనిమిది. కూర్చోవడం మీదే కోపం.
మేదినికి నాలుగు నిండలేదు,
ఆకలేసినప్పుడు తప్ప దానికింకా కోపం తెలీదు.

జూన్‌లో మా ఆయన రంగుల పట్టిక వేశాడు.
తొమ్మిదికి లెక్కలు, ఆకుపచ్చ.
పదికి తెలుగు, గులాబి.
పదీ నలభైకి సైన్సు, ఏ రంగో గుర్తులేదు.
స్టీలు పళ్ళెం మీద గరిటెతో నేను గంట కొట్టాను.
సోమవారం బాగానే గడిచింది.
మంగళవారం పదింటికి నీళ్ళ లారీ వచ్చింది.
అంతే.

తర్వాత ముగ్గురికీ మూడు రకాల పుస్తకాలు తెప్పించాను.
మూడు పొయ్యిల మీద మూడు గిన్నెలు,
ఏదో ఒకటి అడుగంటక మానదు.
ఎక్కువసార్లు అడుగంటింది కౌముదే.
"నీకు వచ్చుగా, తమ్ముడికి చెప్పు" అనేదాన్ని.
ఒకరోజు పెన్సిలు చెక్కుతూ, తల ఎత్తకుండా,
"మరి నాకెవరు చెబుతారు?" అంది.

అడయార్‌లో ఒకావిడ వదిలేయండి అంటుంది,
పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారట.
వాళ్ళింట్లో చెక్క బొమ్మలు, పెరటి మామిడి, వంటమనిషి.
వదిలేయడానికైనా కాస్త చోటుండాలని
తిరుగు రైల్లో తోచింది.
అయినా రెండు వారాలు వదిలేశాను.
భరణి ఎలక్ట్రిక్ రైళ్ళ వేళలన్నీ కంఠతా పట్టాడు,
వ్యాసర్‌పాడి జీవా నుంచి అరక్కోణం దాకా.
ఎక్కాలు మాత్రం ఏడు దగ్గరే ఆగాయి.
అది చదువా కాదా అని
రాత్రి మేమిద్దరం గొంతు తగ్గించి పోట్లాడుకున్నాం.

మెట్ల మీద కింది ఫ్లాటు మామి ఎదురై
"ఎంద స్కూల్?" అంటుంది.
నేను నవ్వుతాను.
కౌముది నా చేయి వదిలేసి రెండు మెట్లు ముందుకు దిగుతుంది.

భరణి పలక తెచ్చి "పళం" రాయమంటాడు,
వీధిలో బండివాడు పలికినట్టే, నాలుక వెనక్కి మడిచి.
మన హల్లుల పటంలో ఆ శబ్దానికి ఇల్లు లేదురా అన్నాను.
"మరి ఎక్కడ పెట్టాలి?"
"ప్రస్తుతానికి నోట్లోనే పెట్టుకో."

పెద్దత్తకు ఫోన్ చేశాను.
తడ దగ్గర ఏకోపాధ్యాయ పాఠశాలలో ముప్ఫై ఏళ్ళు,
ఒకే గదిలో ఐదు తరగతులు.
ఏ పద్ధతి పాటించావత్తా అన్నాను.
"పద్ధతా? ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఉండేది."
నవ్వు ఆగాక,
"ఐదో తరగతి పాఠం ఒకటో తరగతి పిల్లల చెవిన పడకుండా
మధ్యలో గోడేమైనా కట్టానటే?"

నిన్న
పప్పు మీద మూత పెట్టి వచ్చేసరికి
మేదిని చదువుతోంది.
నేనింకా దానికి అ ఆలు మొదలుపెట్టలేదు.
భరణి వాచకం వాడి ముందే ఉంది.
ఇది అవతలి కుర్చీలోంచి వంగి,
వేలు కుడి నుంచి ఎడమకి జరుపుతూ
"ప... ల... క."
పుస్తకం దాని వైపు తిప్పాను.
తెల్లమొహం వేసింది,
అవేం గుర్తులో తెలియనట్టు.
మళ్ళీ తలకిందులు చేస్తే
మళ్ళీ పలక.

రంగు పెన్సిళ్ళిచ్చి
మా పాఠాలకు అడ్డం రాకుండా
నేను కూర్చోబెట్టిన వైపు అది.

రేపు దాన్ని ఇటు మార్చాలి కాబోలు.
మార్చాలో లేదో పెద్దత్తను అడగలేదు.
ముగ్గురూ పడుకున్నాక
దాని కుర్చీలో నేను కూర్చున్నాను.
మోకాళ్ళు బల్లకు తగిలాయి.
వాచకం ఎదురుగా, తలకిందులుగా.
తలకట్లు పాదాల కిందికి జారి
ప్రతి అక్షరమూ ఒంటికాలి మీద నిలబడి ఉంది.
చాలాసేపు పట్టింది నాకు
ఒక్క మాట కూడబలుక్కోవడానికి.