మూడోసారి కొలత

తౌనో ఇంటికి మొదటిసారి వెళ్ళింది మార్చిలో.
సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది,
దాని మీదుగానే కారు నడుపుకుంటూ వెళ్ళాను.
వెనక సీట్లో మంచుపెట్టె, గాజు గొట్టాలు,
ఆరువందల మంది మగవాళ్ళ పేర్లున్న జాబితా.

నలభై ఆరేళ్ళు. దుంగల లారీ డ్రైవరు.
పై అంకె నూట ఇరవై ఎనిమిది, కింది అంకె ఎనభై.
"బతికే ఉన్నానా?" అన్నాడు.
"ఇప్పట్లో పోయేలా లేరు" అన్నాను.
హెల్వి నవ్వి, నా ముందు ఓ గిన్నె పెట్టింది.
లక్కా పళ్ళు, తేనెరంగువి,
ఫ్రీజర్లోంచి అప్పుడే తీసినవి.
పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయి.

"ఎక్కడ దొరుకుతాయి ఇవి?" అనడిగాను,
దక్షిణాన పట్నంలో పుట్టినదాన్ని, తెలీక.
హెల్వి పొయ్యి వైపు తిరిగిపోయింది.
"నాకే చెప్పదు" అన్నాడు తౌనో,
"ఇరవై రెండేళ్ళ కాపురం."
నుర్మెస్ చుట్టుపక్కల చిత్తడినేలల్లో
పళ్ళ చోటు నగలపెట్టె కన్నా గుట్టు.
తల్లి కూతురికి చెబుతుంది,
అదీ తన కాళ్ళు ఇక నడవవని తేలాక.
హెల్వికి కూతుళ్ళు లేరు.

రక్తం తీసి, గొట్టానికి వెండికాగితం చుట్టి
మంచులో గుచ్చాను.
విటమిన్ సి ఉత్త పిరికిది.
వెలుగు చూస్తే పోతుంది, వేడి తగిలితే పోతుంది,
ఊరికే గాలిలో వదిలేసినా పోతుంది.
సున్నాకి ఎనభై డిగ్రీల దిగువన పెడితేనే
ఉన్నచోట ఉంటుంది.

ఎనిమిదేళ్ళకి మళ్ళీ అదే బల్ల, అదే కుర్చీ.
హెల్వి పోయి మూడేళ్ళు.
నూట అరవై నాలుగు. నూట రెండు.

ఈ సరస్సుకి ఆటూ లేదు పోటూ లేదు,
గాలి వీస్తే అల, లేకుంటే అద్దం.
పోటు మనిషికే.

డాక్టర్ ఇర్యా గీసిన పటంలో
విటమిన్ తగ్గినవాళ్ళ వైపు చుక్కలు పైకి ఎగబాకాయి.
రెండూ కలిసి నడిచాయన్నది నిజం.
ఎవరి చెయ్యి పట్టుకుని ఎవరు నడిచారో పటం చెప్పదు.
పళ్ళు తినేవాడికి పళ్ళేరే మనిషి ఉంటుంది.
లేనివాడు ఉప్పుచేపా రొట్టే తిని
లారీలోనే నిద్రపోతాడు.
ఆ సంగతికి మా ఫారంలో గడి లేదు.

"సి మాత్రలు మింగితే దిగుతుందా?"
"తెలీదు" అన్నాను. "పోటుకి మందు రాయిస్తాను,
అది మానకండి. ఉప్పు తగ్గించండి."
నా జవాబు నాకే చప్పగా తగిలింది.

"మూడు వేసవులు వెతికాను" అన్నాడు, అడక్కుండానే.
"బూట్ల నిండా నీళ్ళు, చెవుల నిండా దోమలు.
ఓసారి కొమ్మకి ఎర్రదారం కనబడింది,
తనే గుర్తు కట్టిందనుకున్నాను.
దగ్గరికెళితే ఆకు."

తర్వాత లేచి ఫ్రీజరు మూత తీశాడు.
చేపలన్నిటి కిందా ఒక డబ్బా,
మీద హెల్వి చేతిరాత, ఒక సంవత్సరం.
తెరవలేదు. తెరుస్తాడనీ నేననుకోలేదు.
చేపలు మళ్ళీ దానిమీద సర్దాడు.

మా దగ్గరా ఒక ఫ్రీజరుంది, ఊరి ఆసుపత్రి నేలమాళిగలో.
అందులో ఒక గొట్టం మీద ఇతని నంబరు.
ఆమె ఏరిన పళ్ళ పులుపు
ఇతని రక్తంలో ఇంకా కాస్త ఉంది అక్కడ.
చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

"చెయ్యి ఇలా పెట్టండి, మాట్లాడకండి,
ఇంకోసారి చూద్దాం" అన్నాను.
మూడోసారికి కాస్త తగ్గుతుంది.
ఎవరికైనా తగ్గుతుంది.