రెండో రోజు రంగు

తెల్లారగట్ల మూడింటికి మిషన్లో సీసా కూసింది.
ఉగ్గుగిన్నె అడుగు కూడా నిండని నెత్తురు.
మీద చీటీ: బేబి ఆఫ్ కరుణకుమారి,
ఓడలరేవు. తొమ్మిది రోజులు.

చుక్క తీసి గాజుపలక మీద పరిచి
మంట మీద ఆరనిచ్చి, ఊదారంగు పోసి కడిగాను.
కటకం కింద గుండ్రంగా, కోలగా,
ఒకదాని భుజాన ఇంకొకటి మొగ్గ తొడుగుతూ
అవి ఉన్నాయి.
పులిసిన పిండిగిన్నె మూత తీసి మా అమ్మ
"ప్రాణం వచ్చిందే" అనేది.
ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

సీరంలో వేసి రెండున్నర గంటలు చూశాను.
తోక రాలేదు.
తోక వస్తే సుళువు, వాడు మనూరివాడే,
ఏ మందుకి లొంగుతాడో తెలుసు.
మిషన్ని అడిగితే ఏదో పేరు చెప్పి
కింద సన్నక్షరాల్లో "నమ్మకం తక్కువ" అంది.
ఆ నిజాయితీకి దానికో దండం.

ముక్తేశ్వరి మేడం ఫోను: "పేరేంటండీ?"
"ఆయ్, ఈస్టండి. ఏ ఈస్టో ఇంకా తెలీదండి."
"ఆంఫోటెరిసిన్ మొదలెట్టేశాను. పేరు కావాలి నాకు."
పెట్టేశారు.

క్రోమ్ అగర్ మీద గీశాను.
అమలాపురమంతా కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేలోగా
ఇంక్యుబేటర్ తలుపుకి అరచెయ్యి ఆన్చి నిలబడ్డాను,
లోపలి వేడి నా మాట వింటుందన్నట్టు.

మర్నాటికి గులాబీ.
క్రుసై అని రాసేద్దును, కలం మూత కూడా తీశాను.
కానీ క్రుసై ఎండిన బురదలా గరుగ్గా ఉంటుంది;
ఇది నున్నగా, లేత బొండాం మీగడలా మెరుస్తోంది.
రిజిస్టరులో ఆ గడి ఖాళీగా వదిలేశాను.
ఆ పూట మూడు ఫోన్లు.

ఆ మరుసటి పొద్దుకి గులాబీలోకి నీలం దిగుతోంది,
పోటువేళ మురుక్కాలవలోకి సముద్రం ఎగదన్నినట్టు.
నిన్ననే చూసి వెళ్ళిపోయినవాడికి ఇది ఒకటి,
ఇవాళే వచ్చినవాడికి ఇంకొకటి,
ఇద్దరూ ఒట్టేసి చెబుతారు.
కోడామియా ఓమెరి.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆ పేరు రాయడం అదే మొదలు.
స్పెల్లింగు పుస్తకంలో చూసుకున్నాను.

ఊరగాయ ఉప్పునీళ్ళలో బతికే జీవమట.
వార్డులో ఏ గొట్టం పట్టుకుని
ఆ పిడికెడు ఒంట్లోకి ఎక్కిందో
నా మైక్రోస్కోపు చెప్పదు.

మందు పడిన వారానికి మరో సీసా వచ్చింది.
ఐదు రోజులు అది కూస్తుందేమోనని చెవి అటే.
కూయలేదు.
చీటీ మీద మాత్రం అదే: బేబి ఆఫ్ కరుణకుమారి.

రిపోర్టుకి కిటికీ దగ్గరకి తండ్రి వచ్చాడు,
రొయ్యల చెరువు కాపలా, గోళ్ళ సందుల్లో సున్నం.
"ఇంకా పేరు పెట్టలేదా?"
"ఆయ్, లేదండి. పాస్టరుగారు వస్తానన్నారండి,
ఆలస్యమైపోయిందండి."
"పర్లేదు, తొందరపడి పెట్టేది కాదులే."
అర్థం కాకపోయినా నవ్వాడు.

నేను లోపలికెళ్ళి
నీలమైపోయిన ప్లేటుని ఆటోక్లేవ్‌లో పెట్టి
మూత బిగించాను.